వేళ్లు లేని నాచు, వేల ఏళ్ల రికార్డులు

జామకో దానిమ్మకో గాలి అంటు కట్టేటప్పుడు కొమ్మ మీద బెరడు వలిచిన చోట తడిపిన నాచు పెట్టి, పైన పాలిథిన్ కాగితం బిగించి కడతారు. కొన్ని వారాల్లో ఆ నాచులోకి తెల్లటి వేళ్లు దిగుతాయి. ప్యాకెట్లలో ఎండిపోయి, పాలిపోయి వచ్చే ఆ నాచు పేరు స్ఫాగ్నమ్. ఆర్కిడ్ కుండీల్లో నింపేదీ ఇదే. వేరే చెట్లకు వేళ్లు పుట్టించే ఈ మొక్కకు సొంతానికి మాత్రం వేరన్నదే లేదు.

స్ఫాగ్నేసీ కుటుంబంలో మూడు వందలకు పైగా జాతులున్నాయి. అన్నీ స్ఫాగ్నమ్ అనే ఒకే ప్రజాతిలోవి. 1753లో లినేయస్ తన గ్రంథంలో దీన్ని నమోదు చేశాడు. సైబీరియా, కెనడా, స్కాండినేవియా, ఐర్లండ్ లాంటి చలి దేశాల చిత్తడి నేలలు దీని ప్రధాన రాజ్యం. మన దేశంలో తూర్పు హిమాలయాల తడి కొండల మీద దొరుకుతుంది. ఎత్తు చూస్తే జానెడు. గట్టిగా పిండితే చేతిలో మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఇంతటి అల్పప్రాణి పేరిట ఉన్న రికార్డులు మహావృక్షాలకు కూడా లేవు. వాటిలో కొన్ని ఒక్క కిటుకు దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఈ మొక్క ఒంట్లో ఎక్కువ భాగం చచ్చిన కణాలే.

చచ్చిన కణాల్లో నీటి నిల్వ

స్ఫాగ్నమ్ ఆకు ఒకే ఒక్క కణం మందం ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే రెండు రకాల కణాలు అల్లుకుని కనిపిస్తాయి. ఒకటి సన్నగా, పొడుగ్గా, పచ్చగా ఉండే సజీవ కణం. ఆహారం తయారుచేసే పని దానిదే. రెండోది పెద్దది, రంగు లేనిది, లోపల ఏమీ లేనిది. పెరిగే క్రమంలోనే అది ప్రాణం వదిలేసి, గోడలు మాత్రం మిగుల్చుకుంటుంది. ఆ గోడలకు చిన్న రంధ్రాలుంటాయి. నీరు వాటిలోంచే లోపలికి వస్తుంది. కణం ఎండినా అణిగిపోకుండా లోపల మెలికలు తిరిగిన పట్టీలు కాపు కాస్తాయి.

దీని ఫలితం ఏమిటంటే, ఎండిన స్ఫాగ్నమ్ తన బరువుకు 16 నుంచి 26 రెట్ల నీరు పట్టుకోగలదు. దూదికి ఇది సాధ్యం కాదు. దూది పీల్చేది తన బరువుకు అయిదారు రెట్లే. ప్రాణమున్న కణాలు తక్కువ కాబట్టి పోషణ ఖర్చు తక్కువ, నిల్వ ఎక్కువ. చచ్చిన భాగాన్ని వదిలించుకోకుండా దానితోనే బతుకు నడుపుకోవడం చెట్ల చేవలోనూ ఉంది. కానీ ఆకు ఆకులోనూ చావునూ బతుకునూ పక్కపక్కనే అల్లిన మొక్కల్లో ఇంత విస్తారంగా పెరిగేది ఇంకొకటి లేదు.

కనురెప్ప పాటుకన్నా వేగం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు ఇది. స్ఫాగ్నమ్ విత్తనాలు వేయదు, సిద్ధబీజాలు చల్లుతుంది. వేసవిలో కాడ చివర రెండు మిల్లీమీటర్ల గోధుమరంగు గుళిక తయారవుతుంది. జాతిని బట్టి అందులో 20,000 నుంచి 2,40,000 దాకా సిద్ధబీజాలుంటాయి. ఎండకు గుళిక గోడలు ఆరి, పక్కల నుంచి ముడుచుకుంటాయి. గుండ్రటి గుళిక కోలగా మారుతుంది. లోపల చిక్కుకున్న గాలి నలిగి, పీడనం సుమారు అయిదు వాతావరణాల దాకా పెరుగుతుంది. లారీ టైరులో ఉండేంత ఒత్తిడి అది. చివరికి మూత ఎగిరిపోతుంది. వెచ్చటి మధ్యాహ్నం చిత్తడిలో కూర్చుంటే ఆ టప్‌మన్న చప్పుడు చెవికి వినిపిస్తుంది కూడా.

ఈ తుపాకీ సంగతి రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు నవాషిన్ 1897లోనే రాశాడు. కానీ అసలు చిక్కు మిగిలిపోయింది. సిద్ధబీజం మరీ సన్నది. అంత తేలికైన రేణువును ఎంత జోరుగా విసిరినా గాలి దాన్ని కొన్ని మిల్లీమీటర్లలోనే ఆపేస్తుంది. మరి స్ఫాగ్నమ్ సిద్ధబీజాలు పది, ఇరవై సెంటీమీటర్ల ఎత్తుకు ఎలా వెళ్తున్నాయి?

అమెరికాలో పొమోనా కాలేజీకి చెందిన డ్వైట్ విటేకర్, విలియమ్స్ కాలేజీకి చెందిన జోన్ ఎడ్వర్డ్స్ సెకనుకు లక్ష చిత్రాల దాకా తీసే కెమెరాలతో దీన్ని పట్టుకున్నారు. 2010లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. గుళిక పేలగానే సిద్ధబీజాలు సెకనుకు సుమారు 16 మీటర్ల వేగం అందుకుంటాయి. గంటకు లెక్కిస్తే 58 కిలోమీటర్లు. ఆ వేగం రావడానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. త్వరణం గురుత్వాకర్షణకు 36,000 రెట్లు. గుళికలో నలిగిన గాలి బయటికి వస్తూ ఒక సుడి వలయంగా చుట్టుకుంటుంది. తన చుట్టూ తానే తిరుగుతూ పైకి లేచే ఆ వలయం సిద్ధబీజాలను తనతో మోసుకుపోతుంది. జెల్లీఫిష్‌లు, స్క్విడ్‌లు నీటిలో ఇలాంటి వలయాలతోనే ముందుకు సాగుతాయి. మొక్కల్లో సుడి వలయం కనిపించిన మొదటి సందర్భం ఇదే.

ఎత్తు పది సెంటీమీటర్లే కదా అనుకోవద్దు. నేలను అంటుకుని ఉండే గాలి పొర కదలదు. దాన్ని దాటితేనే నిజమైన గాలివాటు దొరుకుతుంది. అక్కడి దాకా చేర్చడమే గుళిక పని. ఆ తర్వాత సముద్రాలు దాటించే పని గాలిది.

ఒక్కటే మొక్క, నాలుగు వేల కిలోమీటర్లు

సముద్రాలు దాటిన రుజువులు రెండున్నాయి, రెండూ అసాధారణమైనవే. ఉత్తర అమెరికా పడమటి తీరంలో స్ఫాగ్నమ్ సబ్‌నిటెన్స్ అనే జాతి ఆరెగాన్ నుంచి అల్యూషియన్ దీవుల పడమటి కొస దాకా వ్యాపించింది. ఆ దూరం 4,000 కిలోమీటర్లకు పైమాటే. 2011లో కార్లిన్ బృందం ఆ పొడవునా తెచ్చిన నమూనాల జన్యువులు పరీక్షిస్తే, అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. తేడా లేదు. ఒకే సిద్ధబీజం నుంచి ఎదిగిన ఒకే మొక్క తనతో తాను ఫలదీకరణ జరుపుకుని అంత నేలను నింపేసింది. ఇంత విస్తారంగా పరుచుకుని ఇంత ఏకరూపంగా ఉన్న మొక్క ఇంకొకటి ఇంతవరకూ వెలుగులోకి రాలేదు.

రెండోది హవాయి. అక్కడి కొండల మీది స్ఫాగ్నమ్ పాలుస్ట్రే ఎక్కడా గుళికలు కాయదు. ముక్కలు విరిగి, ఆ ముక్కలే మొలిచి పెరుగుతోంది. 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ దీవుల్లోని ఆ జాతి మొక్కలన్నీ సుమారు 50,000 ఏళ్ల కిందట వచ్చి చేరిన ఒకే ఒక్క మొక్క సంతానం. ఇంకా విశేషం ఏమిటంటే, సంపర్కం లేకుండానే ఈ కాలమంతటిలో చిన్న చిన్న మార్పులు పోగుపడి, వాటి జన్యు వైవిధ్యం ఇతర దేశాల్లోని పెద్ద సమూహాలతో సరితూగుతోంది. సంపర్కం లేని వంశం ఎక్కువకాలం నిలవదని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవారికి ఇది గట్టి ఎదురు మాట.

కార్బన్ దాచిన ఖజానా

స్ఫాగ్నమ్ తల పెరుగుతూ ఉంటే అడుగు చస్తూ ఉంటుంది. చచ్చిన అడుగు అంత తేలిగ్గా కుళ్లదు. ఈ మొక్క నీటిలోని కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజాలను కణం గోడల మీద పట్టేసి, బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. దాంతో చుట్టూ నీరు పులుపెక్కి, పీహెచ్ నాలుగు దగ్గరికి దిగుతుంది. ఆ పుల్లటి, చల్లటి, ప్రాణవాయువు లేని నీటిలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు సరిగా పనిచేయలేవు. అడుగున పేరుకున్నదే పీట్. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని సాధారణ లెక్క. అంటే మీటరు లోతు పీట్ అంటే వెయ్యేళ్లు. ఐర్లండ్‌లో పది మీటర్ల లోతున్న పీట్ నేలలున్నాయి.

భూభాగంలో మూడు శాతమే ఉన్న పీట్ నేలలు మట్టిలోని కార్బన్‌లో దాదాపు మూడో వంతును దాచుకున్నాయి. ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికన్నా ఇది ఎక్కువ. ఏ ఇతర మొక్కల ప్రజాతీ స్ఫాగ్నమ్ అంత కార్బన్‌ను నేలలో నిలవచేయలేదన్నది శాస్త్రజ్ఞుల అంచనా. ప్రపంచంలోని అతిపెద్ద పీట్ నేలల్లో ఒకటైన వాస్యుగాన్ చిత్తడి పశ్చిమ సైబీరియాలో ఓబ్, ఇర్తిష్ నదుల మధ్య ఉంది. సుమారు 53,000 చదరపు కిలోమీటర్లు. దాదాపు మన తెలంగాణలో సగం.

ఇదే ఖజానా ఎండితే పగ బడుతుంది. కాలువ తవ్వి నీరు తోడేసిన పీట్ నేల వేల ఏళ్ల కార్బన్‌ను గాలిలోకి వదులుతుంది, అంటుకుంటే నెలల తరబడి కాలుతుంది. 2010 వేసవిలో మాస్కో నగరాన్ని ఊపిరాడనివ్వకుండా చేసిన పొగలో పెద్ద భాగం ఎండబెట్టిన పీట్ నేలలదే.

రెండు వేల నాలుగు వందల ఏళ్ల ముఖం

1950 మేలో డెన్మార్క్‌లోని సిల్కెబోర్గ్ దగ్గర పీట్ తవ్వుతున్నవారికి ఒక శవం దొరికింది. గడ్డం మీది వెంట్రుకలు, నుదుటి మీది ముడతలు, మెడకు తోలు ఉరితాడు, తలకు టోపీ. ఎవరో ఈ మధ్యనే హత్యకు గురయ్యాడని పోలీసులను పిలిచారు. నిజానికి అతడు చనిపోయి 2,400 ఏళ్లయింది. టోలుండ్ మనిషిగా పేరుపడ్డ అతడి కడుపులో చివరి భోజనం, బార్లీ గంజి, కూడా అలాగే ఉంది. స్ఫాగ్నమ్ కణం గోడల నుంచి విడుదలయ్యే చక్కెర పదార్థం చర్మంలోని మాంసకృత్తులతో కలిసి తోలు ఊనినట్టే పని చేస్తుంది. ఆ పులుపు ఎముకల్లోని సున్నాన్ని మాత్రం కరిగిస్తుంది. అందుకే ఇలాంటి శవాల్లో చర్మం గట్టిగా, ఎముకలు మెత్తగా ఉంటాయి.

చర్మంతో సహా దొరికిన ఇలాంటి శవాల్లో అత్యంత పాతది 2011లో ఐర్లండ్‌లోని లీష్ కౌంటీలో బయటపడ్డ కాషెల్ మనిషి. వయసు సుమారు 4,000 ఏళ్లు. ఐర్లండ్ పీట్‌లో వేల ఏళ్ల నాటి వెన్న ముద్దలు దొరుకుతూనే ఉంటాయి. 2006లో టిప్పరరీలో ఒక యంత్రం పారకు తోలు అట్టతో ఉన్న ప్రార్థన గ్రంథం తగిలింది. సుమారు 1,200 ఏళ్ల కిందటి ఆ పుస్తకం ఇప్పుడు డబ్లిన్ జాతీయ మ్యూజియంలో ఉంది.

యుద్ధంలో

మొదటి ప్రపంచయుద్ధంలో దూది తుపాకీమందు తయారీకి పోయింది. గాయాలకు కట్టడానికి చాల్లేదు. 1914లో ఎడిన్‌బరో సర్జన్ చార్లెస్ క్యాత్‌కార్ట్, వృక్షశాస్త్రజ్ఞుడు ఐజక్ బెయిలీ బాల్ఫర్ స్ఫాగ్నమ్ వాడమని పత్రికలో రాశారు. ఊళ్లకు ఊళ్లు నాచు ఏరి, చెత్త తీసి, ఆరబెట్టి, బట్ట సంచుల్లో కుట్టాయి. 1918 నాటికి బ్రిటన్ నుంచి నెలకు పది లక్షల కట్లు వెళ్లాయి. పీల్చే శక్తితో పాటు పులుపు వల్ల సూక్ష్మజీవుల పెరుగుదల తగ్గడం దీనికి కలిసొచ్చింది. ఉత్తర అమెరికాలోని ఆదివాసులు అంతకు ఎన్నో తరాల ముందే ఇదే నాచును పసిపిల్లల కింద పరిచేవారు.

గుర్తుపట్టడం

కుటుంబాన్ని గుర్తుపట్టడం తేలిక, జాతిని గుర్తుపట్టడం కష్టం. తల పైన దగ్గరగా గుమిగూడిన లేత కొమ్మల గుత్తి ఉంటే, ఆ కింద కాండం మీద కొమ్మలు ఒక్కొక్కటిగా కాక కట్టలు కట్టలుగా పుడుతుంటే అది స్ఫాగ్నమే. ప్రతి కట్టలో కొన్ని కొమ్మలు పక్కలకు చాచుకుంటాయి, కొన్ని కాండానికి ఆనుకుని కిందికి వేలాడతాయి. ఈ వేలాడే కొమ్మల సందుల్లోంచే నీరు పైకి ఎక్కుతుంది. ఎండితే పాలిపోతుంది, తడిపితే నిమిషాల్లో రంగు తిరిగి వస్తుంది.

రంగును నమ్ముకోవద్దు. నీడలో పచ్చగా ఉన్న జాతే ఎండకూ చలికీ ఎర్రబడుతుంది. నీటి గుంటల్లో తేలే జాతులు మెత్తగా, పలచగా ఉంటాయి. గట్టు మీద దిబ్బలు కట్టేవి కుదిమట్టంగా, గట్టిగా ఉంటాయి. ఆకు కొస దొన్నెలా వంగి ఉందా, సూదిగా ఉందా, కాండం మీది ఆకు కొసకు అంచు చీలికలున్నాయా, ఇవి చూడాలి. స్ఫాగ్నమ్ స్క్వారోసమ్‌లో ఆకులు మధ్య నుంచి బయటికి విరిచినట్టు తిరిగి ఉంటాయి, ఒకసారి చూస్తే మరువలేం. స్ఫాగ్నమ్ వుల్ఫియానమ్‌లో ఒక్కో కట్టకు ఆరు నుంచి పన్నెండు దాకా కొమ్మలుంటాయి. తక్కిన జాతుల్లో అంత రద్దీ ఉండదు. నిపుణులు కూడా తికమకపడే కుటుంబమిది. ఒకే జాతిగా రెండు శతాబ్దాలు చలామణి అయిన స్ఫాగ్నమ్ మెజెలానికమ్‌ను 2018లో మూడు జాతులుగా విడగొట్టారు.

మన దగ్గర మోసపోయే అవకాశం వేరే చోట ఉంది. దక్షిణ భారతంలో కొబ్బరి, తాటి మొదళ్ల మీద తెల్లటి పచ్చదనంతో దట్టంగా పెరిగే నాచు ఆక్టోబ్లెఫారమ్. దాని ఆకులోనూ ఖాళీ కణాలున్నాయి, కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. కానీ ఆకు మందం, కొమ్మల కట్టలు లేవు, కణాల్లో మెలికల పట్టీలు లేవు. అలంకరణ దుకాణాల్లో దొరికే స్పానిష్ మాస్ అయితే నాచే కాదు, అది అనాస కుటుంబపు మొక్క.

పెంచడం

దీనికి తల చాలు. లేత తల కింద రెండు మూడు సెంటీమీటర్ల కాండం ఉంచి కత్తిరించి, తడి స్ఫాగ్నమ్ మీదో శుభ్రమైన కోకోపీట్ మీదో దగ్గర దగ్గరగా నిలబెడితే నాటినట్టే. కాండం ముక్కల నుంచి కూడా కొత్త మొగ్గలు లేస్తాయి. ఎండు ప్యాకెట్ నాచును తడిపి వెలుతురులో ఉంచితే కొన్నిసార్లు వారాల తర్వాత అక్కడక్కడా పచ్చటి కొసలు కనిపిస్తాయి. అన్ని ప్యాకెట్లలోనూ ఆ ప్రాణం మిగిలి ఉండదు. వేడికి ఆరబెట్టినవి లేవవు.

నీరే అసలు పరీక్ష. బోరు నీరు పోస్తే ఇది బతకదు. సున్నం ఎక్కువైతే, పులుపుతో బతికే మొక్క మొదట గోధుమరంగుకు తిరిగి తర్వాత పాకుడు పట్టి పోతుంది. వాన నీరు పట్టి ఉంచుకోవడం ఉత్తమం, అది అయిపోతే ఆర్‌వో యంత్రం శుద్ధి చేసిన నీరు. ఎరువు అసలే వద్దు. వెడల్పాటి పళ్లెంలో పెట్టి, నీటి మట్టం తలలకు ఒకటి రెండు అంగుళాల కింద ఉండేలా చూడాలి. తలలు మునిగితే పలచబడి సాగుతాయి. కిటికీ వెలుతురు బాగుండాలి, మండే ఎండ తగలకూడదు. కోస్తాలోనూ హైదరాబాదులోనూ వానాకాలం, చలికాలం బాగానే గడుస్తాయి. నలభై డిగ్రీల ఏప్రిల్, మే నెలల్లో ఇంటిలోపల మూత ఉన్న గాజు తొట్టిలో, చల్లటి మూలన ఉంచితేనే ఆశ. అరకు, చింతపల్లి లాంటి చోట్ల ఉన్నవారికి పని కొంత తేలిక.

ఎండు నాచును విరిచేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి, ముఖ్యంగా చేతి మీద గీతలుంటే. దాని మీద స్పోరోత్రిక్స్ అనే శిలీంధ్రం ఉండవచ్చు. అది పుండులోంచి చర్మం కిందికి పోతే గడ్డలు లేస్తాయి. 1988లో అమెరికాలో మొలకల వేళ్లకు చుట్టిన నాచు వల్ల 84 మందికి ఈ జబ్బు వచ్చింది. తడిపాక పని చేస్తే దుమ్ము లేవదు.

పెద్ద ఎత్తున సాగు

బజారులో దొరికే మేలురకం నాచు ఎక్కువగా చిలీ, న్యూజిలండ్ దేశాలది. న్యూజిలండ్ దక్షిణ ద్వీపం పడమటి తీరంలో స్ఫాగ్నమ్ క్రిస్టాటమ్‌ను చేత్తో ఏరి, ఆరబెట్టి, పొడవును బట్టి రకాలు విడదీసి ఎగుమతి చేస్తారు. చిలీ వాళ్లు స్ఫాగ్నమ్‌ను పొంపోన్ అంటారు. అక్కడ విచ్చలవిడిగా తీసి చిత్తడులు చెడిపోవడంతో 2024లో చట్టం తెచ్చి పీట్ తవ్వకాన్ని నిషేధించారు, నాచు ఏరడానికి నిబంధనలు పెట్టారు. ఐర్లండ్‌లో శతాబ్దాలుగా పొయ్యి కింద కాలిన పీట్‌ను ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా తవ్వడం మానేసింది.

కెనడాలో లైన్ రోష్‌ఫోర్ బృందం తవ్వి వదిలేసిన పీట్ నేలలను తిరిగి బతికించే పద్ధతిని తయారుచేసింది. బాగున్న చిత్తడి నుంచి పై పదిసెంటీమీటర్ల పొరను సేకరించి, పది రెట్ల నేల మీద పలచగా చల్లుతారు. పైన గడ్డి కప్పుతారు, కాలువలు పూడ్చి నీరు నిలుపుతారు, కొద్దిగా భాస్వరం వేస్తారు. 1999లో క్విబెక్‌లోని బ్వా దె బెల్‌లో ఇలా చేసిన నేల పద్నాలుగేళ్లకు గాలిలోంచి కార్బన్‌ను తీసుకునే స్థితికి వచ్చింది. పొర తీసినచోట అడుగున మిగిలిన నాచు కూడా మళ్లీ లేస్తుంది.

ఉత్తర జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ దగ్గర గ్రైఫ్స్‌వాల్డ్ శాస్త్రజ్ఞులు 2011లో స్ఫాగ్నమ్‌ను పంటగా వేయడం మొదలుపెట్టారు. ఒకప్పటి పశువుల మేత భూమి మీద పైమట్టి తీసి, నాచు ముక్కలు చల్లి, నీటి మట్టాన్ని కాలువలతో నేలకు అంటీ అంటకుండా ఉంచుతారు. కోతకు సిద్ధమయ్యేసరికి కొన్నేళ్లు పడుతుంది. వేళ్లు లేవు కనుక దున్నడం లేదు, కోసినచోట అడుగున మిగిలిన కాండం నుంచి మళ్లీ తలలు లేస్తాయి. నర్సరీలు పీట్ బదులు ఈ పంటను వాడగలిగితే, వెయ్యేళ్లకు మీటరు పెరిగే నేలను ఏటా లారీల్లో తరలించాల్సిన పని ఉండదు. మనకున్న కోకోపీట్ అదే పనికి తోడొస్తుంది. కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు కోనసీమలో ఎటూ దొరికేదే. ఆర్కిడ్ల దగ్గరా గాలి అంట్ల దగ్గరా మాత్రం స్ఫాగ్నమ్‌ను మించినది లేదు. ఆ రెండింటికీ కొనేటప్పుడు సాగు చేసిన నాచా, చిత్తడిలోంచి పెరికినదా అని అమ్మేవారిని అడగాలి.